కృష్ణార్పణం... పోయాక అనాలా, పోకముందే అనాలా?



పోయిన కార్తీకంలో పెట్టిన క్షీరాబ్ది ద్వాదశి వీడియో మీలో చాలామంది చూశారు. తులసి కోటలో ఉసిరి కొమ్మ, ముందు ఇత్తడి పళ్ళెం, అందులో ఒకే ఒక్క జామపండు. "మా డాబా మీద కాసిన తొలి పండు స్వామికి" అని నేను చెప్పిన మాట కూడా గుర్తుండే ఉంటుంది. ఆ పండు గురించి ఆ వీడియోలో ఒక విషయం చెప్పలేదు. చెప్పలేదు అనడం కంటే దాచాను అనడమే నిజం. ఆ రోజు పొద్దున్నే, ఆ పండు కోసం కట్టిన వలలో ఒక పిట్ట చచ్చిపోయింది.

ఇది రాయడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది. ఇందులో కేవలం నా తప్పే కాదు, మనందరికీ పనికొచ్చే ఒక ప్రశ్న ఉందనిపించి ఇప్పుడు రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను. హైదరాబాద్‌లో మాది నాలుగో అంతస్తు ఫ్లాట్. పైన డాబా మీద ఒక మూల మాకు వదిలారు. అక్కడ పాతిక దాకా కుండీలు, సగానికి కోసిన డ్రమ్ములు ఉన్నాయి. జామ, నిమ్మ, దానిమ్మ, అంజూర లాంటి తెలిసినవి కొన్ని. డ్రాగన్ ఫ్రూట్, ప్యాషన్ ఫ్రూట్, బార్బడోస్ చెర్రీ లాంటి కొత్తవి కొన్ని. జామ అంటు కడియం నర్సరీల నుంచి తెచ్చింది. రాజమండ్రి పెళ్ళికి వెళ్ళి, వచ్చేటప్పుడు రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. రెండేళ్ళకి పూత వచ్చింది. పూత రాలి, రాలి, చివరికి రెండు పిందెలు నిలిచాయి.

జామలో పూత నుంచి పండు దాకా నాలుగైదు నెలలు పడుతుంది. ఆ నాలుగైదు నెలలూ నేను ఆఫీసు నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా పైకి వెళ్ళేదాన్ని. రెండు పిందెలనీ చూసుకుని, ఫోటో తీసుకుని, అప్పుడు కిందకి. ద్వాదశికి స్వామికి పెట్టాలని మనసులో అనుకున్నాను. ఇంకో పది రోజులుంది అనగా ఒక పండుని ఉడుత సగం కొరికేసింది. సేతువు కట్టేటప్పుడు రాముడికి సాయం చేసిన ఉడుత కథ మన ఛానల్‌లో చెప్పింది నేనే. ఆ పొద్దున చీపురు పట్టుకుని ఉడుత వెంట పడిందీ నేనే.

అమ్మ నవ్వి, "పోనీలే, కృష్ణార్పణం అనుకో" అంది.

నేను అనుకోలేదు. సాయంత్రం నైలాన్ వల కొనుక్కొచ్చి చెట్టు మీద కప్పాను. "అలా వదులుగా వేలాడుతోందేంటే, సరిగా బిగించి కట్టు" అని అమ్మ చెప్పింది. రేపు చూద్దాంలే అన్నాను. ఆ రేపు రాలేదు. ద్వాదశి రోజు తెల్లవారుజామున పండు కోద్దామని వెళ్తే, వల మడతలో పిగిలిపిట్ట. తోక కింద ఎర్రగా ఉంటుందే, అదే. రెండు కాళ్ళకీ, ఒక రెక్కకీ దారం చుట్టుకుపోయింది. కత్తెర తెచ్చి కోసే లోపు ఇంకా వెచ్చగానే ఉంది, కానీ మెడ వాలిపోయింది. దాన్ని ఖాళీ కుండీలో పూడ్చి, చేతులు కడుక్కుని, స్నానం చేసి, జామపండు కోసి, పళ్ళెంలో పెట్టి వీడియో తీశాను. వీడియోలో నా గొంతు కొంచెం బొంగురుగా ఉంటే జలుబనుకున్నారు మీరు.

ఇక ప్రశ్న. ఆ పండు నైవేద్యమేనా?

ఒక స్నేహితురాలికి చెప్తే, "తెలియక జరిగింది, తెలియక జరిగితే పాపం ఏముంది" అంది. ఈ మాట పట్టుకుని హాయిగా పడుకోవచ్చు. కానీ మన శాస్త్రం అంత తేలిగ్గా వదలదు. గృహస్థు ఇంట్లో పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళ కుండ, ఈ ఐదు చోట్లా తెలియకుండానే ప్రాణులు పోతాయని, వాటిని పంచసూనలు అన్నారు. అందుకే ఇంటివాళ్ళకి పంచ మహాయజ్ఞాలు చెప్పారు. బ్రహ్మ యజ్ఞం, దేవ యజ్ఞం, పితృ యజ్ఞం, భూత యజ్ఞం, మనుష్య యజ్ఞం. చీమకి కూడా హాని చెయ్యకుండా బతకగలవు అని పెద్దలు మనకి అబద్ధం చెప్పలేదు. బతకడంలోనే ఎవరికో నష్టం జరుగుతుంది, ఆ అప్పు గుర్తుపెట్టుకుని రోజూ కొంత తీర్చు అన్నారు. అయినా నాది పంచసూనల లెక్కలోకి రాదు. వల వదులుగా ఉందని నాకు తెలుసు. అమ్మ చెప్పింది కూడా. తెలియక జరిగింది కాదు, బద్ధకం వల్ల జరిగింది.

ఇంకో సమాధానం గీతలో దొరుకుతుంది అనుకున్నాను. రెండో అధ్యాయం 47వ శ్లోకం మనలో చాలామందికి నోటికొచ్చు. చేసే పని మన చేతిలోది, దాని ఫలం మీద పట్టు మనది కాదు అని సారాంశం. మన మామూలు మాటల్లో ఇది "పని చెయ్, వచ్చింది తీసుకో, రాకపోతే బాధపడకు" అని మారిపోయింది. కానీ మొక్క పెంచే వాళ్ళకి ఇది అంత తేలిక కాదు. పండు మీద ఆశ లేకపోతే మే నెల ఎండలో రెండు పూటలా నీళ్ళు ఎవరు మోస్తారు? పండు ఏమైపోయినా నాకు ఒకటే అనే మనిషి చెట్టుని ఎండబెట్టేస్తాడు. కాబట్టి ఆశ ఉండటం తప్పు అని నేను అనుకోవడం లేదు. ఆశకీ హక్కుకీ మధ్య ఎక్కడో ఒక గీత ఉంది. "ఈ పండు బాగా రావాలి" అన్నది ఆశ. "ఈ పండు నాది, ఇంకెవరూ ముట్టుకోకూడదు" అన్నది హక్కు. నేను ఆ గీత దాటాను. దాటేటప్పుడు చేతిలో స్వామి పేరు పట్టుకున్నాను, అదే అసలు సిగ్గు. నాకోసం అయితే అంత పంతం పట్టేదాన్ని కాదేమో. దేవుడికి అనుకోగానే నా పంతానికి లైసెన్స్ దొరికినట్టయింది.

తొమ్మిదో అధ్యాయంలో స్వామి ఆకైనా, పువ్వైనా, పండైనా, చివరికి నీళ్ళైనా భక్తితో ఇస్తే తీసుకుంటానన్న సంగతి అందరికీ తెలుసు. ఆ రోజు నా పక్కనే తులసి కోట ఉంది. దళం కోయాల్సిన పని కూడా లేదు, చెంబుడు నీళ్ళు చాలు. ఆకుతో, నీళ్ళతో సరిపెట్టుకుంటానన్న ఆయనకి పండే పెట్టాలని పట్టుబట్టింది ఎవరు? వీడియోలో పండు బాగా కనిపిస్తుందని తెలిసిన నేను.

మరి రైతు సంగతేంటి అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. నూజివీడులో మామిడి తోట ఉన్న రైతు కోతుల్ని తరుముతాడు, చిలకల్ని అదిలిస్తాడు. ఆయనదీ తప్పేనా? నాకలా అనిపించదు. ఆ తోట మీద అప్పు ఉంటుంది, పిల్లల ఫీజులు ఉంటాయి. పంట కాపాడుకోవడం ఆయన ధర్మం. నాకు ఆ పండు పోతే ఏం పోతుంది? వీధి చివర బండి మీద జామకాయలు ఉంటాయి. నాకు పోయేది ఒక పండు, ఆ పిట్టకి పోయింది ప్రాణం. ఒకే వల రైతు చేతిలో ఒక అర్థం, నా చేతిలో ఇంకో అర్థం. రైతుకైనా వల బిగుతుగా కట్టే బాధ్యత తప్పదు, అది వేరే విషయం.

ఆ తర్వాత డాబా మీద ఉన్న మిగతా మొక్కల్ని కూడా కొత్తగా చూశాను. వాటిలో సగం ఎందుకు కొన్నాను? నిజం చెప్పాలంటే "మా దగ్గర ఇది కూడా ఉంది" అని చెప్పుకోవడానికి. మిరకిల్ ఫ్రూట్ అని ఒకటి ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికా మొక్క. ఆ పండు నమిలాక నిమ్మకాయ కూడా తియ్యగా అనిపిస్తుంది. దానికి ఆమ్ల గుణం ఉన్న మట్టి కావాలి. మా బోరు నీళ్ళకి అది ఆకు అంచుల నుంచి ఎండుతూ వచ్చి చచ్చిపోయింది. మళ్ళీ ఇంకోటి కొన్నా, అదీ పోయింది. మనుషులకి స్వధర్మం గురించి గంటలు గంటలు చెప్పే నేను, మొక్కకి ఒక స్వభావం ఉంటుందని ఆలోచించలేదు.

అలాగని కొత్త మొక్కలు మనవి కావు, పెంచకూడదు అనడం లేదు. డ్రాగన్ ఫ్రూట్ నైవేద్యం పెట్టొచ్చా అని కొందరు అడుగుతుంటారు. అది మధ్య అమెరికా వైపు నుంచి వచ్చిన కాక్టస్ జాతి. 2021లో గుజరాత్ ప్రభుత్వం దానికి "కమలం" అని పేరు పెట్టింది. మరి మనం అనాదిగా మనదే అనుకునే జామ ఎక్కడిది? దాని పుట్టిల్లు కూడా అమెరికా ఖండమే. పోర్చుగీసు వాళ్ళ కాలంలో మన దేశానికి వచ్చింది. బొప్పాయి, అనాస, జీడిమామిడి కూడా అటువైపు నుంచి వచ్చినవే. ఈ రోజు జామపండు లేకుండా వినాయక చవితి పళ్ళెం ఊహించగలమా? వచ్చిన పండు ఏ దేశానిది అన్నది స్వామి ప్రశ్న కాదనుకుంటా. అది ఏ మనసుతో వచ్చింది, దారిలో ఎవరికి ఏం చేసి వచ్చింది అన్నదే ప్రశ్న.

డ్రాగన్ ఫ్రూట్ నాకు ఇంకో సంగతి నేర్పింది. దాని పువ్వు రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోతుంది. మా డాబా మీదకి ఆ వేళ వచ్చే పురుగులు తక్కువ. అందుకే రాత్రి పదకొండింటికి టార్చ్ పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో పుప్పొడి అద్దుతాను. అప్పుడు తెలిసింది, పగలు మిగతా మొక్కలకి ఇదే పని ఎవరు ఊరికే చేసి పెడుతున్నారో. ప్యాషన్ ఫ్రూట్ పువ్వు మీద వాలే నల్ల తుమ్మెద, నిమ్మ పూత మీద తేనెటీగ. పని వాళ్ళది, నీళ్ళు నావి, ఎండ సూర్యుడిది. చివర్లో పండు మాత్రం మొత్తం నాదెలా అయింది? దేవతలు ఇచ్చింది వాళ్ళకి పెట్టకుండా తినేవాడు దొంగ అని గీత మూడో అధ్యాయంలో వస్తుంది. చిన్నప్పుడు అది పెద్ద మాట అనిపించేది. ఇప్పుడు మామూలు లెక్క అనిపిస్తోంది.

ఇక అమ్మ అన్న మాట దగ్గరికి వస్తాను. "కృష్ణార్పణం." మనం ఈ మాట ఎప్పుడు వాడతాం? ఇచ్చిన అప్పు తిరిగి రానప్పుడు, పర్సు పోయినప్పుడు, పండు ఉడుత తిన్నప్పుడు. అంటే పోయాక. చేతిలో ఉన్నంత సేపు నాది, జారిపోయాక కృష్ణుడిది. అలా అనుకోవడం మనసుకి మంచి మందే, కాదనను. కానీ అది ఇవ్వడం ఎలా అవుతుంది? పోయినదానికి పేరు పెట్టుకోవడం అవుతుంది. ఇవ్వడం అంటే చేతిలో ఉండగా అనాలి. భూత యజ్ఞంలో ఉన్న అందం అదే. మనం తినకముందే కాకికి ముద్ద తీస్తాం, తిన్నాక మిగిలింది కాదు.

అందుకని ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. వల తీసేశాను. పిందె నిమ్మకాయంత అయినప్పుడే లెక్కపెడతాను. మాకు కావలసిన వాటికి మాత్రం పలచటి గుడ్డ సంచి తొడిగి మూతి కడతాను. పండు ఈగ కూడా రాదు, పిట్టకీ ప్రమాదం లేదు. మిగతావి సంచి లేకుండా వదిలేస్తాను, ఆ రోజే కృష్ణార్పణం అని పైకి అని మరీ. వల తప్పదు అనుకునే వాళ్ళు వేలు దూరనంత చిన్న కళ్ళున్నది తీసుకుని, ఎక్కడా మడత లేకుండా చట్రానికి బిగించి కట్టండి. పొద్దునా సాయంత్రం ఒకసారి చూడండి. నేను రేపు చూద్దాంలే అన్నాను, మీరు అనకండి.

ఈ శ్రావణంలో చెట్టుకి పదకొండు పిందెలు నిలిచాయి. నాలుగింటికి సంచులు, ఏడు వదిలేశాను. ఇదంతా రాసి నేనేదో మారిపోయాను అనుకోకండి. మొన్న ఉడుత ఒక సంచి కొరికి లోపలి పండు తిన్నది. అంటే నా వాటాలో నుంచి! ఏడు నీకు వదిలినా సరిపోలేదా అని ఒళ్ళు మండిపోయింది. చీపురు వైపు చూశాను కూడా. లెక్క వేసి ఇచ్చినా ఆ లెక్క నాదే కదా, ఉడుతని అడిగి వేసింది కాదు అని గుర్తొచ్చాక కోపం కొంచెం తగ్గింది. కొంచెమే.

ఆ పాత వీడియో తీసెయ్యడం లేదు. తీసేస్తే మళ్ళీ దాచినట్టే. దాని కింద ఈ పోస్ట్ లింక్ పెడుతున్నాను. పిట్టని పూడ్చిన కుండీలో ఉసిరి మొక్క వేశాను. కాపుకి ఇంకా ఏళ్ళు పడుతుంది. కాసినప్పుడు వాటిలో ఎన్నిటికి సంచులు కట్టాలో ఇప్పుడే అనేసుకున్నాను. ఒక్కదానికి కూడా కట్టను.

వచ్చే వారం కలుద్దాం. కృష్ణార్పణమస్తు.