ఇరుసు మారిన బండి

బౌద్ధ గ్రంథం మిళిందపన్హలో నాగసేనుడనే భిక్షువు రథాన్ని భాగాలుగా విడదీసి మిళింద రాజును ఒక్కొక్కటీ అడుగుతాడు: ఇరుసు రథమా? చక్రాలా? నొగా? రాజు దేనికీ ఔననలేడు. అన్నీ కలిపినా రథం కాదంటాడు, అవి కాక వేరే ఉందనీ అనడు. భాగాల ఆధారంగా మనం వాడుకునే పేరే రథమని చివరికి రాజే ఒప్పుకుంటాడు, మనిషి సంగతీ అంతేనంటాడు భిక్షువు. క్రీ.పూ. 2వ శతాబ్దపు యవనరాజు మినాండరు (మిళిందుడు) పేరు మీద సాగిన ఈ సంభాషణలో రథం ఎక్కి వచ్చినవాణ్ణే ప్రశ్నించారు తప్ప దాన్ని బిగించినవాణ్ణి ఎవరూ పిలవలేదు. పిలిచి ఉంటే వాదం అంత సులువుగా ముగిసేది కాదని నా అభిప్రాయం.

ఎందుకో తెలియాలంటే అమెరికాలో పాత ఫోర్డ్ రేంజర్ పికప్పుకు చాలామంది చేయించే మార్పు చూడండి. దాని 7.5 అంగుళాల వెనక ఇరుసు తీసేసి, అదే కంపెనీ పాత ఎక్స్‌ప్లోరర్ నుంచి విప్పిన 8.8 అంగుళాల ఇరుసు వేస్తారు. ఆ ఎక్స్‌ప్లోరర్‌లో కమాను కట్ట ఇరుసు కింద ఉంటుంది, రేంజర్‌లో పైన. కాబట్టి కట్ట కూర్చునే సీట్లు కోసేసి, కొత్తవి పైవైపు వెల్డింగ్ చేయాలి. వెల్డింగుకు ముందే ఇరుసులోని పినియన్ ముక్కు ఎంత పైకెత్తి ఉండాలో తేల్చుకోవాలి. ఎందుకంటే గేరుబాక్సు నుంచి ఇరుసును తిప్పే షాఫ్టు చివరి క్రాస్ జాయింటు వంపులో తిరిగితే ఒక్కో చుట్టులో వేగం రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. షాఫ్టు రెండో చివర కూడా అంతే కోణం ఉండి, రెండు యోకులూ ఒకే వరసలో నిలిస్తేనే ఆ ఒడిదుడుకులు ఒకదానితో ఒకటి రద్దవుతాయి. లేదంటే బండి వేగం అందుకోగానే అదురు మొదలవుతుంది. ఇక షాఫ్టు పొడవు బండి బరువు కమాన్ల మీద నిలిచాక కొలవాలి. తేడా వస్తే గొట్టాన్ని కోసి, మళ్లీ అతికించి, బ్యాలెన్స్ చేయించాలి. గేరుబాక్సుకూ ఇరుసుకూ మధ్య దూరం తెలియకుండా ఆ షాఫ్టు ఎంత పొడవుండాలో ఎవరూ చెప్పలేరు.

7వ శతాబ్దపు బౌద్ధ తాత్వికుడు చంద్రకీర్తి మధ్యమకావతారంలో రథం భాగాల అమరికలోనూ దొరకదన్నాడు. బిగించకముందు చక్రానికీ ఇరుసుకూ ఉన్న ఆకారమే బిగించాకా ఉంటే, అప్పుడు లేని రథం ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని ఆయన ప్రశ్న. పదునైన ప్రశ్నే. కానీ ఆకారం అలాగే ఉంటుందన్న ఊహ మీద అది నిలబడింది. మన రేంజర్‌లో ఇరుసు సీట్లు మారాయి, షాఫ్టు పొడవు మారింది. పాత బండి కొత్త భాగాలను తన కొలతకు కోయించుకుంది. పేరు పెట్టడం మన ఇష్టం. పినియన్ కోణం మన ఇష్టం కాదు. మన సమ్మతితో పనిలేకుండా భాగాలను శాసించేదాన్ని వట్టి వ్యవహారమని కొట్టిపారేయలేం.

దీనికి వైశేషిక దర్శనం వారు సంతోషించనక్కర్లేదు. అవయవాలకు, అంటే భాగాలకు, వేరుగా అవయవి అనే మొత్తం ఉందన్నారు, బాగానే ఉంది. కానీ వారి లెక్కన ఒక అవయవం మారితే పాత అవయవి నశించి కొత్తది పుడుతుంది. అలాగైతే ఇరుసు దించినప్పుడే రేంజర్ పోయింది. మరి కొత్త ఇరుసును ఏ బండి కొలతలకు సరిచేశారు? స్టాండ్ల మీద నిలబెట్టిన ఫ్రేము, కమాన్లు, గేరుబాక్సు షరతులు పెడుతూనే ఉన్నాయి. నిలిచింది ఆ షరతుల వరస.

అసలు బలమైన ఆక్షేపణ బౌద్ధుల వైపు నుంచే వస్తుంది: పరస్పరాధారమనే కదా మేమూ చెప్పేది, మూలమధ్యమకకారికల 24వ ప్రకరణంలో నాగార్జునుడు ప్రతీత్యసముత్పాదాన్నే శూన్యత అన్నాడు కదా, అని. ఒప్పుకుంటాను. స్వతస్సిద్ధమైన బండి లేదు, స్వతస్సిద్ధమైన షాఫ్టూ లేదు. అయితే ఆధారపడినదల్లా పేరు మాత్రమే అన్న రెండో అడుగు దీన్నుంచి రాదు. పేరు భాగాల మీద ఆధారపడటం వేరు, భాగం భాగం మీద ఆధారపడటం వేరు. మనిషి విషయంలో కోణం చూసి సరిచేసే మెకానిక్ బయట ఎవరూ లేడు కాబట్టి ఈ పోలిక అక్కడ చెల్లదనవచ్చు. కఠోపనిషత్తు రథంలో ఆత్మ అనే రథికుణ్ణి కూర్చోబెట్టింది ఇలాంటి ఖాళీ పూరించడానికే కావచ్చు. అతన్ని నేను రుజువు చేయడం లేదు. పోలిక చెల్లకపోతే మాత్రం నష్టం ముందు నాగసేనుడికే, మనిషిని తేల్చడానికి రథాన్ని తెచ్చినవాడు ఆయనే గనక.