జవాబు తెలిశాక

చదరంగం ఆడటం రానివాళ్లు కూడా చదరంగం మీద తీర్పు చెప్పగల రోజులొచ్చాయి. వెటకారానికి అనడం లేదు. నాకూ పావులు ఎలా నడుస్తాయో తెలుసు, అంతకుమించి ఏమీ తెలియదు. చిన్నప్పుడు మా అన్నయ్యలు ఆడుకుంటూంటే, చచ్చిన బంట్లను ఏరి డబ్బాలో వేసే ఉద్యోగం నాది. అప్పట్లో చూసేవాడు నోరు విప్పాడా, ఆడేవాళ్లిద్దరూ ఏకమై తరిమేసేవారు. చూసేవాడికి తెలిసేది కూడా ఆడేవాడికి తెలిసినంతే మరి. ఇద్దరి ముందూ ఉన్నది అవే అరవైనాలుగు గళ్లు.

ఇప్పుడో? ఫోన్లో ఆట పెట్టుకుంటే బల్ల పక్కనే నిలువుగా ఓ సన్నటి పట్టీ కనిపిస్తుంది. కొంత తెలుపు, కొంత నలుపు. తెల్లపావులవాళ్లది పైచేయి అయితే తెలుపు ఎదుగుతుంది, నల్లవాళ్లదైతే నలుపు. దాన్ని నడిపేది కంప్యూటరు. మామూలుది కాదు, ప్రపంచ విజేతలు కూడా దాంతో తలపడి గెలవలేరు. ఒకరు ఎత్తు వేయగానే పట్టీ దబ్బున జారిందంటే అది తప్పుటెత్తన్నమాట. ఎందుకు తప్పో మనకు తెలియక్కర్లేదు. జారింది, అంతే! ఆడేవాళ్లకు మాత్రం ఆ పట్టీ కనిపించదు.

ఈ పట్టీ సంగతి నాకు తెలిసింది ఉస్మాన్‌గంజ్‌లో. శ్రావణం వచ్చిందంటే పప్పులూ బెల్లమూ టోకున తెచ్చుకోవడం మా ఇంట్లో అలవాటు. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆటో దిగి, తోపుడుబళ్లనూ బస్తాలు మోసే హమాలీలనూ తప్పించుకుంటూ నడిచి వెళతాను. 2025 శ్రావణం మొదటి వారంలో వెళ్లేసరికి, మేం ఎప్పుడూ కొనే కొట్లో కాటా పక్కన ముగ్గురు ఒక ఫోను చుట్టూ మూగి ఉన్నారు. క్రికెట్ కాబోలనుకున్నాను. కాదు, కోనేరు హంపి ఆట.

జార్జియా దేశంలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ అప్పుడే ముగిసింది. ఫైనల్లో ఇద్దరూ మన దేశం వాళ్లే. ఒకరు మన గుడివాడ ఆడపడుచు హంపి, ముప్పయ్యెనిమిదేళ్లు. రెండోది నాగపూర్ పిల్ల దివ్యా దేశ్‌ముఖ్, పంతొమ్మిదేళ్లు. హంపి గ్రాండ్‌మాస్టరైన 2002 నాటికి దివ్య ఇంకా పుట్టనే లేదు. మామూలు ఆటలు రెండూ సమంగా పోతే జులై 28న త్వరితం ఆటలు పెట్టారు. అందులో రెండోదాన్లో, గడియారం తరుముతుండగా, హంపి ఓడిపోయింది. దివ్య తల్లిని పట్టుకుని ఏడ్చేసింది. అంతవరకూ పేపర్లో నేనూ చదివాను.

సేటుగారి గల్లాపెట్టె దగ్గర కూర్చునే కుర్రాడు కాలేజీలో చదువుతున్నాడు. వాడు ఆ ఆటనే మళ్లీ నడిపిస్తూ, "గిదేం ఎత్తు కాకా? సూడు, పట్టీ ఎట్ల వడ్డదో! నేనన్నా గిట్ల ఏయను," అంటున్నాడు.

కాకా అంటే ఆ కొట్లో పాత గుమాస్తా. తల నెరిసిన మనిషి, చెవిమీద పెన్సిలు. 2002 అక్టోబరులో మన హైదరాబాదులోనే ప్రపంచ కప్ జరిగి, ఆనంద్ గెలిచినప్పుడు, పేపర్లో పడ్డ ఎత్తుల్ని రాత్రిళ్లు ఇంట్లో పావులు పేర్చి వేసుకునేవాణ్నని తర్వాత నాతో చెప్పాడు. ఆయన కుర్రాడి మాటకు కోప్పడలేదు. ఫోను తీసుకుని, ఆటను ఆ ఎత్తుకు ముందు ఆపి, పట్టీ మీద బొటనవేలు అడ్డం పెట్టి, "ఇగో తమ్మీ, ఇప్పుడు నువ్వు ఆమె కుర్సీల కూసున్నవ్. టైం ఐపోతున్నది. నువ్వైతే ఏం ఏస్తవ్?" అన్నాడు.

కుర్రాడు చూశాడు. నేను కందిపప్పు రెండు రకాలు నోట్లో వేసుకుని, బెల్లం బేరం ముగించినా ఇంకా చూస్తూనే ఉన్నాడు. చివరికి ఏదో ఎత్తు చెప్పాడు. కాకా వేలు తీశాడు. పట్టీ ఇంకా ఎక్కువ పడింది! అందరం నవ్వాం, కుర్రాడితో సహా.

నవ్వుకుని ఊరుకునే విషయమే. కానీ ఇంటికి వచ్చాక కూడా ఆ బొటనవేలు నన్ను వదల్లేదు.

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో జరిగింది గుర్తుందా? ప్రపంచ విజేత కోసం గుకేశ్‌కూ చైనావాడు డింగ్ లిరెన్‌కూ పోటీ. పదమూడు ఆటలయ్యాక చెరి ఆరున్నర. పద్నాలుగోది చివరిది. అదీ సమంగానే ముగిసేలా ఉంది. యాభై అయిదో ఎత్తుకు డింగ్ ఏనుగును ఒక గడికి జరిపాడు. ఫోన్లు పట్టుకున్న లోకమంతా ఆ క్షణంలోనే "అయిపోయాడు!" అంది. విచిత్రం చూడండి, ఎదురుగా కూర్చున్న గుకేశ్‌కు వెంటనే తెలియలేదు. అది తప్పని తాను మొదట గ్రహించలేదనీ, వేరే ఎత్తు వేయబోయాననీ అతనే తర్వాత చెప్పాడు. కాసేపటికి, డింగ్ శకటు చిక్కుకుపోతుందని కనిపించింది. (మా వైపు శకటు అంటాం, ఉస్మాన్‌గంజ్‌లో దాన్నే ఒంటె అంటారు.) పద్దెనిమిదేళ్ల ఆ పిల్లవాడికి కొన్ని క్షణాలు పట్టిన సంగతి, బల్ల మీద గుర్రం ఎటు దూకుతుందో తెలియని నాలాంటి వాళ్లకు రెప్పపాటులో తెలిసిపోయింది. మనకు తెలిసింది జవాబు. అతనికి తెలిసింది ఆట. ఈ రెండూ ఒకటేనా?

అలాగని తప్పును తప్పనకూడదా? అనాలి. డింగ్‌ది పొరపాటే, ఆయనే ఒప్పుకున్నాడు. హంపి ఓడిపోయింది, దాన్ని గెలుపుగా చూపించనక్కర్లేదు. ఆ రోజు కాటా దగ్గరున్న మూడో ఆయన జాలిపడ్డట్టుగా, "పిల్ల తల్లి గద, ఆడిదాక వచ్చుడే గొప్ప," అన్నాడు. నాకు కుర్రాడి ఎగతాళి కంటే ఈ జాలే ఎక్కువ గుచ్చుకుంది. కుర్రాడు కనీసం ఎత్తును చూశాడు. ఈయన ఎత్తునే చూడలేదు. ఆనంద్‌కు 2011లో కొడుకు పుట్టాడు. 2013లో చెన్నైలో కార్ల్‌సన్ చేతిలో కిరీటం పోగొట్టుకుంటే, "పిల్లాడి తండ్రి గద!" అన్నవాణ్ని నేనైతే ఒక్కణ్ని కూడా వినలేదు. హంపి బిడ్డకోసం ఆటకు విరామం ఇచ్చి, తిరిగివచ్చి, 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. 2024 చివర్లో న్యూయార్క్‌లో మొదటి ఆటే ఓడి కూడా, పదకొండు ఆటల్లో ఎనిమిదిన్నర పాయింట్లు తెచ్చుకుని అదే టైటిల్ మళ్లీ గెలిచింది. అప్పుడూ ఆవిడ పిల్ల తల్లే మరి! ఓడినప్పుడు మాత్రమే గుర్తొచ్చే తల్లితనం ఏం తల్లితనమండీ?

ఇంతకంటే చిక్కు ప్రశ్న ఇంకొకటుంది. 2022లో చెన్నై దగ్గర మామల్లపురంలో ఒలింపియాడ్ జరిగినప్పుడు గుంటూరమ్మాయి ద్రోణవల్లి హారిక నిండుచూలాలు. తొమ్మిదో నెల. ఆ స్థితిలో వచ్చి గంటల తరబడి బల్ల ముందు కూర్చుంది. మన ఆడపిల్లల జట్టుకు కాంస్యం వచ్చింది. ఆ నెలలోనే ఆమె ఆడపిల్లను కన్నది. అందరం శభాష్ అన్నాం. అనవలసిందే. కానీ ఒక్కసారి మీ పక్కింటివాళ్ల గొంతులు తలుచుకుని చెప్పండి. ఆ బల్ల దగ్గర ఏదైనా జరగరానిది జరిగి ఉంటే ఏమనేవారు? "పతకం ముఖ్యమా, బిడ్డ ముఖ్యమా? ఇంట్లో పెద్దవాళ్లు లేరా? కడుపుతో ఉన్నది అలా వెళ్లొచ్చా?" అదే మనిషి, అదే నిర్ణయం, అవే జాగ్రత్తలు. ఫలితం ఒక్కటే వేరు. దాన్నిబట్టి ఆమె వీరనారి అయినా అవుతుంది, నిర్లక్ష్యపు తల్లి అయినా అవుతుంది. ఆమె చేతిలో లేనిదాన్ని చూసి మనం ఆమె గుణాన్ని నిర్ణయిస్తున్నామన్నమాట. ఇది న్యాయమేనా అని నన్నడిగితే, కాదని గట్టిగా చెప్పగలను. మరి ఫలితాన్ని అసలే చూడకుండా తీర్పు చెప్పగలమా అంటే, అక్కడ నా గొంతు తగ్గుతుంది. ఫోను మీద పట్టీకైతే వేలు అడ్డం పెట్టవచ్చు. బతుకులో జవాబు ఒకసారి కళ్లపడ్డాక దాన్ని దేనితో మూస్తాం?

మా ఆడపడుచు ఇంట్లో ఆ ఏడే జరిగిన సంగతి చెబుతాను. నాలుగేళ్ల పిల్లకు రాత్రివేళ జ్వరం తగిలింది. పొద్దున చూద్దామని ఊరుకుంది. మర్నాడు డాక్టరు మందిచ్చాడు. మూడోరోజు రక్తపరీక్షలో డెంగ్యూ అని తేలి, పిల్లను అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. దేవుడి దయవల్ల గండం గడిచింది. కానీ చూడవచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే పాట. "ఆ రాత్రే తీసుకెళ్లి ఉంటే! చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలియదా?" పళ్లు తెచ్చినవాళ్లూ అన్నారు, తేనివాళ్లూ అన్నారు. వాళ్లందరి చేతిలోనూ రిపోర్టు ఉంది. ఆ రాత్రి దాని చేతిలో ఉన్నది థర్మామీటరు ఒక్కటే.

నేను ఊరినుంచి వచ్చి వెళ్లేసరికి పిల్ల ఇంటికి వచ్చేసింది. అది వంటింట్లో నాకు కాఫీ కలుపుతూ, నా మొహం వంక చూడకుండా, నేనూ ఆ మాటే అంటానని ఎదురుచూస్తోందని అర్థమయింది. ఉస్మాన్‌గంజ్ గుమాస్తా గుర్తొచ్చాడు. "ఆ రాత్రి ఎలా ఉందే పిల్ల? మొదటినుంచీ చెప్పు," అన్నాను.

అది గ్లాసు కింద పెట్టింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. పదకొండున్నర దాటింది. ఆయన క్యాంపులో ఉన్నారు. జ్వరం నూటొకటి. సిరప్పు పట్టింది. గంటకు చెమట పోసి నూరుకు దిగింది. బయట కుండపోత. పెద్దావిడ మోకాళ్ల నొప్పితో లేవలేక పడుకుని ఉంది.

"పాలు కూడా తాగింది వదినా," అంది. "తాగి, నా చెయ్యి పట్టుకుని పడుకుంది. నిద్రపట్టిన పిల్లను ఆ వానలో ఎలా లేపనూ?"