అడగకుండా రానిచ్చినవి

వాక్య పఠనం: యెహోషువ 9వ అధ్యాయం

2024 జూలై 19, శుక్రవారం. మన దేశంలో ఉదయం 9 గంటల 39 నిమిషాలు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కి ఒక చిన్న అప్‌డేట్ పంపింది. 78 నిమిషాల్లో దాన్ని వెనక్కి తీసుకుంది కూడా. ఈలోపే దాన్ని అందుకున్న కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ అదే నీలి తెర. అలా పడిపోయినవి దాదాపు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, విమానాశ్రయాల్లో పని నిలిచిపోయింది. ఆ రోజు శంషాబాద్‌లో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు.

ఏ దొంగా లోపలికి జొరబడలేదు. దొంగల్ని ఆపడానికి పెట్టుకున్న సాఫ్ట్‌వేరే కంప్యూటర్‌ని పడగొట్టింది. కాపలాకి ఉన్నది కాబట్టి దానికి అన్నిటికంటే లోపలి చోటు ఇస్తారు. మనం పాస్‌వర్డ్ కొట్టకముందే అది లేచి పని మొదలుపెడుతుంది. పైపైన నడిచే ప్రోగ్రామ్‌లో లోపముంటే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే మూసుకుపోతుంది. అంత లోపల నడిచేది తప్పు చేస్తే విండోస్ మొత్తం ఆగిపోవాల్సిందే. లోపం చూస్తే చాలా చిన్నది. 20 విలువలు మాత్రమే అందే చోట కొత్త ఫైలు 21వ దాన్ని చూడమంది, అంతే. ఆ తేడాని పట్టుకోవాల్సిన తనిఖీ పట్టుకోలేదు. ముందు కొద్దిమందికి పంపి చూసి, తర్వాత అందరికీ పంపే పద్ధతి అలాంటి ఫైళ్ళకి అప్పటికి లేదు.

ఆన్ కాని కంప్యూటర్‌ని దూరం నుంచి బాగుచేయడం కష్టం. అందుకే చాలాచోట్ల ఒక్కొక్కదాని దగ్గరికి మనిషే వెళ్ళి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైలు తీసేయాల్సి వచ్చింది. బిట్‌లాకర్ తాళం ఉన్నచోట ముందుగా 48 అంకెల రికవరీ కీ కొట్టాలి.

మా సంఘంలో కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడొకడు ఉన్నాడు. ఎవరు ఫోన్ చేసినా అతని మొదటి ప్రశ్న ఒకటే. "ఆగిపోకముందు చివరగా ఏం ఇన్‌స్టాల్ చేశారండీ?" వచ్చే జవాబూ దాదాపు ఒకటే. "ఏమీ చేయలేదు బాబూ, దానంతటదే ఆగిపోయింది." అతను వాదించడు, ఓసారి తీసుకురమ్మంటాడు. తెరిచి చూస్తే ఉన్న యాంటీవైరస్ మీద ఇంకో యాంటీవైరస్ ఉంటుంది. లేదంటే ఎక్కడో ఉచితంగా దొరికిందని వేసిన డ్రైవర్ ఉంటుంది. "ఫార్మాట్ కొట్టేయ్ బాబూ, గొడవ వదిలిపోతుంది" అని కొందరు తొందరపెడతారు. "మీ అమ్మాయి పెళ్ళి ఫొటోలు ఇందులోనే ఉన్నాయి కదండీ. ముందు చివరగా వచ్చినదాన్ని తీసి చూద్దాం" అంటాడు.

వరుసగా కొన్నిసార్లు పడిపోతే విండోస్ తనే రిపేర్ తెర చూపిస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్ళి రీస్టార్ట్ చేస్తే ఒక జాబితా వస్తుంది. 4 నొక్కితే సేఫ్ మోడ్. నల్లటి తెర, నాలుగు మూలలా సేఫ్ మోడ్ అన్న అక్షరాలు, మామూలు కంటే పెద్దగా, మొరటుగా కనబడే ఐకాన్లు. వాల్‌పేపర్ ఉండదు, పాట వినబడదు, ఇంటర్నెట్ రాదు. తప్పనిసరి డ్రైవర్లు మాత్రమే లేస్తాయి. చూడ్డానికి బీదగా ఉంటుంది గాని, ఆ తెర నిలబడిందంటే మా తమ్ముడి ముఖం విప్పారుతుంది. డిస్కు, మెమరీ చాలావరకు బాగున్నట్టే, గొడవంతా తర్వాత వచ్చి చేరినవాటిలో ఉన్నట్టే. చివరగా వేసినదాన్ని తీసేస్తాడు. ఫలానాదని తెలియకపోతే స్టార్టప్‌లో లేచేవాటిలో సగం ఆపి చూస్తాడు, తర్వాత మిగతా సగం.

ప్రియులారా, నా దగ్గరికి ప్రార్థనకి వచ్చేవాళ్ళలో ఇలాంటివాళ్ళు ఉంటారు. ఒకప్పుడు తెల్లవారితే మోకరించి, ఇంట్లో అందరితో నాలుగు మాటలు మాట్లాడి పనికి వెళ్ళిన మనిషి, ఇప్పుడు కళ్ళు తెరుస్తూనే గుండెదడతో లేస్తున్నాడు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడతాయి, మాట లోపలికి దిగదు. "నాది మొదటినుంచీ నిజమైన విశ్వాసమేనా పాస్టర్ గారూ?" అని అడుగుతాడు. అది ఫార్మాట్ కొట్టేయమని అడగడమే. ఆ మాటకి నేను తొందరపడి ఒప్పుకోను. చివరగా ఏది లోపలికి వచ్చిందో చెప్పమంటాను.

కాసేపటికి పేరు బయటికి వస్తుంది. అర్ధరాత్రి డబ్బు అవసరమై వేసుకున్న లోన్ యాప్. కాంటాక్టులు చూడనా, ఫొటోలు చూడనా అని అది అడిగితే చదవకుండా అన్నిటికీ అలౌ నొక్కేశాడు. ఇప్పుడు ఆ ఫొటోలే చూపించి బెదిరిస్తున్నారు. (అలాంటి బెదిరింపులు వస్తుంటే ఈ పేజీ మూసి ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ప్రార్థన ఆ తర్వాతైనా చేయవచ్చు, దేవుడు తప్పుపట్టడు.) ఇంకొకరికి అది బెట్టింగ్. ఇంకొకరి విషయంలో అది మంచి పనే: ఎన్నో ప్రార్థన గుంపులు, అర్ధరాత్రి గొలుసు ప్రార్థనలు, అన్నిటికీ తనే బాధ్యురాలు, వారాల తరబడి సరైన నిద్ర లేదు. కాపాడతాయని పెట్టుకున్నవే ఆ అక్కని కూలుస్తున్నాయి. ఆమెకి ఇంకో ఉపవాస కూడిక చెప్పడం ఉన్న యాంటీవైరస్ మీద ఇంకోటి వేయడమే అవుతుంది.

అందుకని ఈ వారంలో ఒక ఉదయం తప్పనిసరివి మాత్రమే ఉంచుకుని కూర్చోండి. ఫోన్ వద్దు. యూట్యూబ్ ప్రసంగం వద్దు, ఆరాధన పాటలు కూడా వద్దు. బైబిలు, మోకాళ్ళు, తర్వాత ఇంట్లోవాళ్ళతో కలిసి కాఫీ. మనసు కాస్త నిలబడిందా, ధైర్యం తెచ్చుకోండి, మీ విశ్వాసం పోలేదు. అక్కడి నుంచి ఒక్కొక్కటీ వెనక్కి రానిస్తూ, దేని దగ్గర మళ్ళీ కూలుతున్నారో చూసుకోండి. అంత నిశ్శబ్దంలోనూ మనసు నిలబడకపోతే, రోజుల తరబడి అలాగే ఉంటే, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. సేఫ్ మోడ్‌లో కూడా పడిపోయే కంప్యూటర్‌ని మా తమ్ముడు తిట్టడు, విప్పి చూస్తాడు.

ఇక యెహోషువ సంగతి. యెరికో, హాయి పట్టణాలు పడిపోయాయని విని గిబియోను వాళ్ళు గిల్గాలు పాళేనికి వచ్చారు. ఎంత జాగ్రత్తగా సిద్ధపడి వచ్చారో చూడండి: పాత గోనెలు, చినిగితే కుట్టిన తోలు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, ఎండి బూజుపట్టిన రొట్టె. చాలా దూరదేశం నుంచి వచ్చామన్నారు. ఇశ్రాయేలు పెద్దలు అసలు తనిఖీయే చేయలేదనడానికి లేదు. ఎవరు మీరు, ఎక్కడినుంచి వచ్చారు అని యెహోషువ అడిగాడు. రొట్టె చేతికి తీసుకున్నారు. అన్నీ చూసినవాళ్ళు దేవుణ్ణి మాత్రం అడగలేదు. ఒప్పందం చేసుకుని ప్రమాణం చేసేశారు. మూడు రోజులకి తెలిసింది, వాళ్ళు పక్క ఊళ్ళవాళ్ళేనని.

మనం చేసే చాలా నిర్ణయాలు ఇలాగే ఉంటాయి. సంబంధం గురించి అందరినీ వాకబు చేస్తాం, పొలం కాగితాలు లాయరుకి చూపిస్తాం, దేవుణ్ణి అడిగే పని మాత్రం అయిపోయాక కృతజ్ఞత కూడికలో పెట్టుకుంటాం.

ఇక్కడ కంప్యూటర్‌కీ మనిషికీ దారులు వేరవుతాయి. కంప్యూటర్‌లో వచ్చిన చెడ్డ ఫైలుని తీసేస్తే సరిపోతుంది. గిబియోను ఒప్పందాన్ని తీసేయడానికి వీల్లేదు. జనం సణిగారు, కానీ ప్రమాణం యెహోవా పేరు మీద జరిగింది. వాళ్ళని ఇశ్రాయేలీయులు చంపకుండా యెహోషువ కాపాడాడు, కట్టెలు కొట్టే పనికి, నీళ్ళు తోడే పనికి పెట్టాడు. తర్వాతి అధ్యాయంలో అయిదుగురు రాజులు గిబియోను మీదికి వస్తే, మోసం చేసినవాళ్ళే కదా అని ఊరుకోకుండా రాత్రంతా నడిచి వెళ్ళాడు. ఆ రోజే సూర్యుడు గిబియోను మీద నిలిచాడు. చాలా తరాల తర్వాత సౌలు ఆ మాట తప్పి గిబియోనీయుల్ని చంపితే, దావీదు రోజుల్లో మూడేళ్ళు కరువు వచ్చింది. నెహెమ్యా 3వ అధ్యాయం తెరవండి, యెరూషలేము గోడ కడుతున్నవాళ్ళ జాబితాలో గిబియోను మనుషులున్నారు.

కాబట్టి లోన్ యాప్‌ని తీసేయండి, బెట్టింగ్‌ని ఈ రోజే తీసేయండి. కానీ తొందరపడి చేసుకున్న పెళ్ళిని, స్నేహితుడి కోసం పెట్టిన షూరిటీ సంతకాన్ని, దేవుని ముందు ఇచ్చిన మాటని అదే జాబితాలో వేయకండి. ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్ళకి నేను ఈ మాట చెప్పడం లేదు. మీ ప్రాణం కాపాడుకోండి, మీకు తోడుగా వచ్చే మనిషిని పిలవండి. మిగతావాళ్ళం, అడగకుండా చేసుకున్నదాని విషయంలో ఇప్పుడైనా ఆయన్ని అడుగుదాం.

ప్రార్థన: ప్రభువా, నిన్ను అడగకుండా మేము లోపలికి రానిచ్చినవాటి పేర్లు ఈ ఉదయం నీ ముందు పెడుతున్నాం. తీసేయాల్సినవి తీసేసే ధైర్యం ఇవ్వు. మోయాల్సినవి మోయడానికి మాతో నడువు. ఎక్కడో రాత్రి డ్యూటీలో కూర్చుని, ఆగిపోయిన ఆసుపత్రి కంప్యూటర్లని ఒక్కొక్కటిగా లేపుతున్న పిల్లలకి ఓపిక ఇవ్వు, వాళ్ళ కోసం ఇంట్లో మెలకువగా ఉన్న తల్లుల్ని ఆదరించు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.