పులిసిన పిండి, పులిసిన బార్లీ

రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీపిండి తెల్లారేసరికి గిన్నె మూత తోసుకుని పైకొస్తే ఇల్లాలికి ఎంత సంతోషమో! అదే పులియటం బార్లీ నీళ్ళలో జరిగితే ఆవిడకే గుండెదడ. ఎందుకంటారు?

ఈ ప్రశ్న నాకు నేనుగా వేసుకున్నది కాదు. అమెరికాలో వున్న మా తమ్ముడు మొదటిసారి ఇంట్లో బీరు కాచినప్పుడు మా మరదలు వేసింది. "వదినా, మీరు నవలలు రాస్తారు కదా, చెప్పండి. ఇది తప్పా, కాదా?" అని. రాసేవాళ్ళకి తప్పొప్పులు ముందే తెలుస్తాయని జనానికి అదేమిటో నమ్మకం!

తమ్ముడు స్టవ్ మీద పెద్ద స్టీలు గిన్నె పెట్టి, మాల్టు పాకం నీళ్ళలో కలిపి, హాప్స్ అనే చేదు పువ్వులు వేసి గంటసేపు మరిగించాడు. మాల్టంటే మరేం కాదు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. చంటిపిల్లల జావ కోసం మనం రాగులతో చేసే పనే. తర్వాత గబగబా చల్లార్చి, బక్కెట్టులో పోసి, ఈస్టు చల్లి మూత బిగించాడు. మొత్తం 19 లీటర్లు. అంతకుముందు గిన్నెలూ, గరిటెలూ, గొట్టాలూ మందునీళ్ళలో ముంచి తీశాడు. ఏ చిన్న సూక్ష్మజీవి చేరినా అంతా పాడవుతుందట. "ఎవరూ ముట్టుకోకండి!" అని ఒకటే కేకలు. ఆవకాయ పెట్టేటప్పుడు మా నాయనమ్మ మడిని చూసి పగలబడి నవ్విన వాడే!

మర్నాటికి మూత మీది గొట్టంలోంచి బుడబుడమని చప్పుడు. ఈస్టు తీపిని తిని, సారాన్నీ గాలినీ వదులుతుంది. దానికి పాపపుణ్యాలతో పనేముంది?

అక్కడ అది నేరమూ కాదు. 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గాలన్ల దాకా కాచుకోవచ్చు, అమ్మకూడదు. లైసెన్సు లేకుండా మన నెల్లూరులో కాస్తే ఎక్సైజు వాళ్ళొస్తారు. సముద్రం దాటగానే తప్పు ఒప్పయిపోతుందా? అయినా మరదలు అడిగింది చట్టం సంగతి కాదు. తాగే తండ్రి ఇంట్లో పెరిగిన పిల్ల. సీసా మూత చప్పుడికే ఉలిక్కిపడుతుంది.

పూర్వం ఇంగ్లండులో ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. ఇంటికి కాచుకుని, మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్ముకునేవారు. పెద్ద వ్యాపారమై లాభాలు కళ్ళబడ్డాక మెల్లిగా మగవాళ్ళ చేతుల్లోకి పోయింది. (ఏ పనైనా అంతేగా, వంటతో సహా!)

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మా, ఆమె తోటివాళ్ళూ సారా దుకాణం మీదికి వెళ్ళినప్పుడు పులియటం పాపమా, పుణ్యమా అని చర్చ పెట్టలేదు. వాళ్ళ గొడవంతా ఇంటికి చేరని కూలిడబ్బు, ఒంటిమీద పడే దెబ్బలు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995లో పూర్తి మద్యనిషేధమే వచ్చింది గానీ, 1997లో సడలిపోయింది. కొందరు దాన్ని ఓటమి అంటారు, నేననను. ఆ మూడు నాలుగేళ్ళూ ఆ ఇళ్ళలో 'వద్దు' అన్న ఆడదాని మాటకి విలువ వచ్చింది. ముందెప్పుడు వుంది గనక?

అందుకే మరదలితో అన్నాను, "తప్పు ఆ బక్కెట్టులో లేదమ్మా. 'ఇక చాలు' అన్న నీ మాట ఈ ఇంట్లో చెల్లితే భయం లేదు. చెల్లకపోతే బార్లీ అయినా, పేకముక్కలయినా ఒకటే."

"చెల్లుతుందో లేదో ఎలా తెలుస్తుంది?"

"అని చూడు."

"మా అమ్మా అని చూసింది వదినా," అంది నెమ్మదిగా.

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. నవలలోనైతే ఏదో ఒకటి రాసేదాన్ని.

రెండు వారాలు బక్కెట్టులో, మరో రెండు వారాలు సీసాల్లో మాగాక యాభై సీసాల దాకా తేలాయి. సగం స్నేహితులకి పంచెయ్యమంది మరదలు, పిల్లాడి ఎదుటే, గొంతు పెంచకుండా. తమ్ముడు మొహం ముడుచుకున్నాడు గానీ, ఆ శనివారమే కారులో పెట్టుకెళ్ళి పంచి వచ్చాడు. రెండోసారి కాచే మాట నేను తిరిగొచ్చేదాకా ఎత్తలేదు.