సలహాయు పూచీయును

ఒకరికి సలహా చెప్పుట సులభము. ఆ సలహావలన గలుగు ఫలమునకు పూచీ వహించుట కష్టము. మన పల్లెలలో రైతులు సలహా చెప్పువాని వాక్చాతుర్యమునకన్న, ఆ పనిలో వానికి గల కష్టనష్టములను జూచి వానిని విశ్వసించుచుండిరి. పొరుగు రైతు “ఈ వానను నమ్మి విత్తకుము” అని చెప్పినప్పుడు, ఆతడును తన చేనిలో విత్తక యూరకుండుట కంటికి గానవచ్చుచుండెను. మాట తప్పినచో ఇరువురకును నష్టమే. నేడు కృత్రిమ మేధ యను పేరున నొక క్రొత్త సలహాదారు పొలమునకు వచ్చినది. దానికి చేను లేదు, అప్పు లేదు, ఆకలి లేదు. దాని మాట నెంతవరకు వినవలెను? విని చెడినచో దోషమెవ్వరిది? ఇది యంత్రశాస్త్రజ్ఞులకు మాత్రమే వదలదగిన ప్రశ్న గాదు, ధర్మాధర్మముల ప్రశ్న.

ముందుగా దాని మేలును ఒప్పుకొనుట న్యాయము. 2016వ సంవత్సరపు ఖరీఫునందు కర్నూలు జిల్లా దేవనకొండ మండలములో ఇక్రిశాట్, మైక్రోసాఫ్టు సంస్థలు గలిసి 175 మంది రైతులతో నొక ప్రయోగము చేసినవి. అనేక సంవత్సరముల వర్షపాతపు లెక్కలను, నేలలోని తేమను, రానున్న వాతావరణపు సూచనలను గణించి, వేరుశెనగ విత్తుటకు దగిన దినమును యంత్రము నిర్ణయించెడిది. ఆ మాట తెలుగులో సందేశముగా రైతు ఫోనునకు జేరెడిది. తొలకరి చినుకులకే తొందరపడక, సందేశము వచ్చువరకు నాగి విత్తినవారికి దిగుబడి 30 శాతము హెచ్చినదని ఆ సంస్థలు ప్రకటించినవి. అటుపిమ్మట ఖమ్మము జిల్లాలో ‘సాగు బాగు’ పేర ఏడువేలమంది మిరప రైతులకు ఇట్టి సహాయమే చేయగా, ఎకరము దిగుబడి 21 శాతము హెచ్చి, పురుగుమందుల వాడుక 9 శాతము తగ్గినదని నిర్వాహకులు చెప్పిరి. 2025వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము 13 రాష్ట్రములలో సుమారు 3 కోట్ల 80 లక్షల రైతులకు ఋతుపవనముల రాకనుగూర్చి ఇట్టి గణనమువలన దేలిన సూచనలను పంపెను. ఈ లెక్కలు ఆ పనులు నడిపినవారే చెప్పినవని గుర్తుంచుకొనవలెను గాని, మెట్టసేద్యములో విత్తునాటి నిర్ణయమెంత ప్రాణసంకటమో యెరిగినవారు వీనిని త్రోసివేయజాలరు.

ఐనను ఇందులో నొక సంగతి మరుగుపడుచున్నది. యంత్రము భవిష్యత్తును గాంచలేదు. గడచిన లెక్కలనుబట్టి, ఇట్టి గాలియు ఇట్టి మబ్బును ఉన్నప్పుడు పది పర్యాయములలో ఏడు పర్యాయములు వాన గురిసినదని మాత్రమే యెరుగును. తక్కిన మూడు పర్యాయములు కురియలేదనుటయు ఆ జ్ఞానములోని భాగమే. కాని ఫోనునకు జేరునప్పటికి ఆ మూడు పాళ్లును రాలిపోయి, “విత్తవచ్చును” అను నొక్క మాట మిగిలినయెడల, సంశయముతో గూడిన జ్ఞానము నిశ్చయపు వేషము వేసికొన్నదన్నమాట. ఇది అసత్యము గాదా? వేయిమందికి సలహా చెప్పి ఏడువందలమందికి మేలు చేసినచో, సగటున యంత్రము గెలిచినట్లే. తక్కిన మూడువందలలో నొక్కడైన రైతునకు సగటు లేదు. వానికి గలది ఒక్క చేను, ఒక్క ఖరీఫు, అప్పు దెచ్చి కొన్న ఒక్క విడత విత్తనము. మొలక యెండినచో వాడు మరల వడ్డీవ్యాపారి గడప త్రొక్కవలెను.

పంచాంగము తప్పదా, పెద్దల యనుభవము తప్పదా, యంత్రమునే యేల యాక్షేపింపవలెనని కొందరడుగవచ్చును. పెద్దలును తప్పుదురు. ఐతే వారు ఊరిలోనే యుందురు. రచ్చబండకడ నిలువబెట్టి యడుగవచ్చును. ఒక యూరి పెద్ద తప్పినచో ఆ యూరే నష్టపడును; యంత్రము తప్పినచో ఒక్కనాటనే వేయి యూళ్లు నష్టపడును. ఒక్కొక్కప్పుడు దాని మాట నిజమైనందువలననే నష్టము గలుగును. టమాటాకు ధర రాగలదని లక్షమందికి ఏకకాలమున జెప్పినచో, లక్షమందియు నాటుదురు. సరకు మదనపల్లె అంగడికి జేరునాటికి ధర పడిపోవును. ఒక్కనికి జెప్పినప్పుడు మంచిదైన సలహా అందరికి జెప్పినప్పుడు చెడ్డదగుట ఈ క్రొత్త కాలపు చిక్కు.

మన సంస్కర్తలు ముహూర్తములయందలి గ్రుడ్డినమ్మకమును ఖండించినప్పుడు, ఒక పంచాంగమునకు బదులు మరియొక పంచాంగమును గోరలేదు. కారణ మడుగు బుద్ధిని గోరిరి. ఫోను చెప్పినదిగదా యని తలయూచుట ఆ పాత జాడ్యమే. అట్లని యంత్రమనగనే బెదరి దానిని వెలివేయుటయు వివేకము గాదు. అడుగదగిన ప్రశ్నలు వేరు. సలహా చెప్పువాడే విత్తనములు, పురుగుమందులు అమ్మువాడైనచో ఆ మాట నెట్లు నమ్ముట? తన పొలపు లెక్క లన్నియు సమర్పించిన రైతునకు వానిపై హక్కేమి మిగిలినది? సలహా తప్పినచో మాకు సంబంధము లేదని నిబంధనల నడుమ సన్నని యక్షరములతో వ్రాసికొనువాడు, ఒప్పైనచో ఆ కీర్తి నెట్లు కోరగలడు?

వీనికన్న ముందరి ప్రశ్న మరియొకటి గలదు: యంత్రము దృష్టిలో రైతెవ్వడు? 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ ప్రణాళిక నంగీకరించెను. అందులో రైతునకిచ్చు గుర్తింపు సంఖ్య భూమి దస్త్రములతో ముడిపడియున్నది. దస్త్రములో నుండునది పట్టాదారు పేరు; దున్నువాని పేరు గాదు. నాట్లు వేసి, కలుపు దీసి, కోత కోయు స్త్రీల పేరు అంతకన్న అరుదు. 2018లో తెలంగాణములో ప్రారంభమైన రైతుబంధు ధనము పట్టాదారులకు జేరినది గాని కౌలుదారులకు జేరలేదు. ఆంధ్రప్రదేశములో 2019లో చేసిన సాగుదారుల హక్కుల చట్టము కౌలురైతునకు పత్రమిచ్చుటకు భూయజమానుని సమ్మతిని గోరెను. పాత దస్త్రములోని అన్యాయమును క్రొత్త యంత్రములో నెక్కించినచో అది తొలగదు; మరింత వేగముగా పనిచేయును.

చదువరులారా, ఈ విషయము మనయింటికి దూరమైనది గాదు. పట్టణములలో నుద్యోగములు చేసికొనుచు, ఊరిలోని నాలుగెకరములను కౌలునకిచ్చిన కుటుంబములు మనలో ననేకము. కౌలుదారు సమ్మతిపత్రమును దెచ్చి సంతకము గోరినప్పుడు, భూమి చేజారునేమోయను భయముతో రేపు మాపని త్రిప్పి పంపుట మన యిండ్లలో జరుగుచున్న పనియే. ఆ సంతకము లేనందున బీమాయు నష్టపరిహారమును వానికి జేరవు. యంత్రములు చేయువారిని పూచీ వహింపుమని యడుగుటకు ముందు, మనము వహింపవలసిన పూచీ ఇది. వానిపేర పంట నమోదు కానీయవలెను. పంట పోయిన యేట కౌలు తగ్గించి, నష్టములో భాగము పంచుకొనవలెను.

ఇంతమాత్రము చేసినవారికే తక్కిన సంగతులు గట్టిగా నడుగుటకు నోరుండును. సలహాతోబాటు అది తప్పుటకు గల యవకాశమును రైతునకు తెలుగులో తేటగా జెప్పవలెను. ఊరికొక మనుష్యుడు ఆ సలహాకు జవాబుదారుగా నుండవలెను. ప్రభుత్వముగాని సంస్థగాని పంపిన మాట విని విత్తనము పోగొట్టుకొన్నవానికి మరల విత్తనమిచ్చు ఏర్పాటుండవలెను. ఈ మూడును లేనిచోట, ఎంత సూక్ష్మమైన గణనమైనను అది దారిన బోవువాడు చెప్పిన మాటకన్న మిన్న గాదు. ఈ మూడును గలచోట యంత్రముగూడ, నష్టము తనదిగా దలచు మంచి పొరుగువాని కొంతకు గొంత పోలగలదు.