మద్దెల నిజంగానే ఓడైతే?



"ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అనే సామెత మన కర్నూలు, కడప పల్లెల్లో వినని మనిషి ఉండడు. ఓడు అంటే పగిలినది. ఆడే నేర్పు లేనామె తప్పంతా మద్దెలదే అన్నదంట. పని చేతగాక సాకులు చెప్పేవాళ్ళను ఎత్తిపొడిచే మాట ఇది.

దీన్ని మన బిడ్డల మీద ఎట్లా విసురుతారో మీకు తెలుసు. "బడిలో మమ్మల్ని వేరుగా చూస్తాండారు" అని పిల్లోడు చెప్తే, "చదవలేక సాకులు" అంటారు. మరి మద్దెల నిజంగానే ఓడైతే? బాబాసాహెబ్ చిన్నప్పుడు బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నారు. ప్యూను పోస్తేనే నీళ్ళు. ప్యూను రాకపోతే దప్పికే. ఆ బడి ఓడు మద్దెల కాదా? ఓడును ఓడనడం సాకు కాదు. ఉన్నది ఉన్నట్టు చూడడం, అదే సమ్మా దిట్ఠి.

అయితే అదే సామెతను మన మీదికీ తిప్పుకోవాలి. తాగి వచ్చి, ఇంట్లో ఆడమనిషి మీద చెయ్యెత్తి, "నా బాధలు అట్లాంటివి" అంటే ఒప్పుకుందామా? బాధలు నిజమే. చెయ్యి మాత్రం మనదే.

ధమ్మంలో మంచి పనిని 'కుసలం' అంటారు. ఆ పాలి మాటలో మంచి, నేర్పు రెండూ ఉన్నాయి. అంటే మంచితనం పుట్టుకతో రాదు, సాధనతో వస్తుంది. పుట్టుకను బట్టి యోగ్యత అనే కులానికి ఇది నేరుగా ఎదురు. మన జిల్లాలోనే, జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలున్నాయి. అక్కడ ఏనుగు మావటీలకు, లేఖకులకు, రథసారథులకు, బ్రాహ్మణులకు "మీ శిష్యులకు నేర్పండి" అనే ఆదేశం చెక్కి ఉంది. సాధారణ శకానికి ముందు మూడో శతాబ్దపు మాట అది.

సోణుడనే భిక్షువు కాళ్ళు రక్తం కారేదాకా నడుస్తూ ధ్యానం చేశాడు. ఫలితం దక్కక, ఇంటికి పోదామనుకున్నాడు. ఒకప్పుడు అతను వీణ వాయించేవాడు. తథాగతుడు అతన్ని చేతగానివాడు అనలేదు. తీగ మరీ బిగిసినా, మరీ వదులైనా వీణ పలుకుతుందా అని అడిగాడు. ఈ సంగతి మనోళ్ళకు కొత్తగాదు. తప్పెట వదులైతే మంటకు కాచి బిగిస్తాం. ఎక్కువ కాస్తే తోలు చెడుతుంది.

కాబట్టి రెండు పనులూ మనవే. ఓడు మద్దెలను బాగుచేయించడానికి పోరాడాలి, ఆటా నేర్చుకోవాలి. ఈ రాత్రి పడుకునే ముందు ఒక్కసారి అడుగుకోండి: ఈ రోజు జరిగినదాంట్లో మద్దెల తప్పెంత, నా తప్పెంత?

నమో బుద్ధాయ.