ఏ గ్రూపు తీసుకోవాలె?

పదో తరగతి పరీక్షలు అయిపోయినంక మా సర్కారు బడి పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. "సార్, ఏ గ్రూపు తీసుకోవాలె?" చిన్న ప్రశ్నే. కానీ నన్ను నిద్రపోనియ్యదు. ఇంకొకరి బిడ్డ బతుకు గురించి చెప్పే హక్కు నాకెక్కడిది? చెప్పకుండా ఊరుకునే హక్కు మాత్రం ఎక్కడిది?

కెమిస్ట్రీలో డిగ్రీ చెయ్యాలనుకునే పిల్లకు మా తెలంగాణలో దారి ఇంటర్ దగ్గరే చీలిపోతది. సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకుంటే ఆ తలుపు మూసుకున్నట్టే. ఎంపీసీలోనూ బైపీసీలోనూ కెమిస్ట్రీ ఉంటది. బైపీసీ పిల్ల వృక్షశాస్త్రం, జంతుశాస్త్రంతో కలిపి బీఎస్సీలో కెమిస్ట్రీ చదవొచ్చు. అయితే ఉష్ణగతిక శాస్త్రం, చర్యల వేగాలు, పరమాణు నిర్మాణం లోతుకు పోయేకొద్దీ లెక్కలు కావాలె. ఈ సంగతి చదువుకున్నోళ్ల ఇండ్లల్ల అన్నం తింటూ తెలుసుకుంటరు. మా వాడల ఎవరు చెప్తరు?

నేను పదో తరగతి పాసైనప్పుడు మా అమ్మకు గ్రూపంటే డ్వాక్రా గ్రూపే. అప్పుడు ఒక పెద్దమనిషి, "మీవాళ్లకు లెక్కలెందుకురా? సీఈసీ తీసుకో, తొందరగా ఏదో ఒక నౌకరి దొరుకుతది" అన్నడు. తిట్టలేదు. ప్రేమగానే అన్నడు. కులం ప్రేమగా కూడా మాట్లాడుతదని అప్పుడే తెలిసింది. నేను ఎంపీసీల చేరిన.

బాబాసాహెబ్ అంబేద్కర్ హైస్కూల్లో సంస్కృతం చదవాలనుకున్నారు. అంటరాని పిల్లవాడని ఆ అవకాశం ఇయ్యలేదు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. 1907లో మెట్రిక్ పాసయ్యారు. సంస్కృతం తర్వాత సొంతంగా నేర్చుకున్నారు. ఆయనకు "నీకు లేదు" అన్నరు. మాకు "నీకెందుకు" అంటున్నరు. మాట మెత్తబడ్డది, తలుపు మాత్రం అదే.

అసలు కెమిస్ట్రీ మాకు కొత్తదా? మా తాత పచ్చితోలును సున్నపునీళ్లల్ల నానబెట్టి బొచ్చు ఊడదీసేటోడు. తర్వాత లందల తంగేడు చెక్క రసంలో ఊరబెట్టేటోడు. చెక్కలోని టానిన్లు తోలులోని కొల్లాజెన్‌ను పట్టుకుంటయి గనుకనే తోలు కుళ్లదని నేను డిగ్రీలో చదివిన. తాతకు పని తెలుసు, దాని పేరు తెలియదు. ఊరు లంద వాసనకు ముక్కు మూసుకున్నది, చెప్పులు మాత్రం తొడుక్కున్నది.

ఒక తల్లి నన్ను నిలదీసింది. "ఇంటర్ రెండేండ్లు, డిగ్రీ మూడేండ్లు. అందాక ఏం తినాలె సారూ? పాలిటెక్నిక్‌కు పంపితే మూడేండ్లల్ల చేతికందుతది గదా." ఆమె మాటను నేను కొట్టెయ్యలేను. ఆకలి లెక్క తప్పు లెక్క కాదు. కానీ తొందరగా సంపాదించాలె అన్న సలహా ఎప్పుడూ మా పిల్లలకే ఎందుకొస్తది? కలిగినోళ్ల పిల్లకు "నీకేమిష్టం?" అని, మా పిల్లకు "నీకేం గతి?" అని అడగడం న్యాయమేనా?

దారులు తెలియని పిల్లకు "నీ ఇష్టం" అని చెప్పడం స్వేచ్ఛ ఇచ్చినట్టు కాదు, వదిలించుకున్నట్టు. అట్లని పిల్ల బదులు నేను తేల్చేస్తే అది ఇంకో పెత్తనం. అందుకే ఏ గ్రూపు ఏ డిగ్రీకి పోతదో, హాస్టలు ఎక్కడున్నదో, స్కాలర్‌షిప్ ఎట్లొస్తదో, ఎన్నేండ్లు ఆగాలెనో తల్లిదండ్రుల ముందే బోర్డు మీద రాసి చూపిస్త. పాలిటెక్నిక్ గురించి కూడా దాచను. ఆ తర్వాత నిర్ణయం ఆ పిల్లది, ఆ ఇంటిది. "నీకెందుకు" అన్న మాట మాత్రం నా తరగతిలో ఎవరి నోటా రానియ్యను.